మూడు పేర్ల పండుగ

ఏటా సెప్టెంబర్ 17న మా పోచంపాడులో జెండా ఎగురుతుంది. ఏ పేరుతో ఎగరాలన్నది మాత్రం గద్దె మీద ఎవరున్నారన్న దాన్నిబట్టి ఉంటుంది. 2022లో కేంద్రం 'హైదరాబాద్ విమోచన దినం' అంది. అదే రోజున రాష్ట్రం 'జాతీయ సమైక్యతా దినం' అంది. 2024లో విమోచన దినాన్ని ఏటా జరపాలని కేంద్రం నోటిఫికేషన్ ఇచ్చింది. కొత్తగా వచ్చిన రాష్ట్ర ప్రభుత్వం 'ప్రజాపాలన దినోత్సవం' అంది. ఈ మూడు పేర్లలో దేని కిందా 1948లో ఆడవాళ్ళకి ఏం జరిగిందన్న ప్రశ్న లేదు.

మా అమ్మమ్మ ఊరు ఇప్పుడు శ్రీరాంసాగర్ నీళ్ళ కింద ఉంది. ఆమె రెండు భయాల గురించి చెప్పేది. మొదటిది రజాకార్లది. వాళ్ళొస్తున్నారని తెలిస్తే ఆడవాళ్ళంతా పిల్లల నోళ్ళు మూసుకుని జొన్నచేలల్లో తెల్లవార్లూ కూచునేవాళ్ళట. రెండోది మిలట్రీ వచ్చిన తర్వాతది. ఈసారి దాక్కోవలసి వచ్చింది గాజులమ్మే ముస్లిం ఆమె. భర్తని తీసుకుపోయారు, తిరిగి రాలేదు. అమ్మమ్మ ఆమెకి తన చీర కట్టి, బొట్టు పెట్టి, వేరే పేరుతో పిలిచి రెండు నెలలు ఇంట్లో ఉంచుకుంది. "బొట్టు వెట్టి బతికిచ్చిన బిడ్డా" అనేది. నేనూ గర్వంగా వినేదాన్ని. చాలా ఏళ్ళకి గానీ ఆమె అసలు పేరేమిటని అడగలేదు. "మేం వెట్టిన పేరు యాదికున్నది, ఆమె పేరే యాదికి లేదు" అంది అమ్మమ్మ. నా గర్వం అక్కడ ఆగిపోయింది. బతకడానికి ఒక స్త్రీ తన పేరు వదులుకోవలసి వచ్చిన ఊళ్ళో విమోచన ఎవరికి వచ్చినట్టు?

ఇది ఒక్క ఇంటి కథ కాదు. నెహ్రూ ప్రభుత్వం పంపిన పండిత్ సుందర్‌లాల్ కమిటీ 1948 చివర్లో సంస్థానంలో తిరిగింది. పోలీసు చర్య సమయంలో, ఆ తర్వాత కనీసం 27 వేల నుంచి 40 వేల మంది చనిపోయారని అంచనా వేసింది. ఎక్కువగా నష్టపోయిన జిల్లాల్లో మన బోధన్ పక్కనే ఉన్న నాందేడ్ ఒకటి. అత్యాచారాలు, స్త్రీల అపహరణలు, బలవంతపు మతమార్పిడులు కూడా అందులో రాశారు. ప్రభుత్వం ఆ నివేదికను ప్రచురించలేదు. పరిశోధకులు భాగాలు బయటపెడుతూ వచ్చినా, ఢిల్లీలోని నెహ్రూ మ్యూజియం గ్రంథాలయంలో అది చదవడానికి దొరికింది 2013లో. 1963లో పోచంపాడు ప్రాజెక్టుకు శంకుస్థాపన చేసిందీ నెహ్రూయే. మాకు రాయి కనిపించింది, కాగితం కనిపించలేదు.

"అంటే రజాకార్లని వెనకేసుకొస్తున్నావా?" అని వెంటనే అడుగుతారు. లేదు. 1948 ఆగస్టు 27న బైరాన్‌పల్లిలో వాళ్ళు చేసిన ఊచకోతను ఎవరూ మరవకూడదు. అక్కడ ఆడవాళ్ళు పడ్డ అవమానాన్నీ మరవకూడదు. కానీ ఒక హింసను తలుచుకోవడానికి ఇంకో హింసను దాచిపెట్టాలా? జొన్నచేలో దాక్కున్న అమ్మమ్మ, అమ్మమ్మ చీర కట్టుకున్న గాజులామె ఒకే ఏడాదిలో, ఒకే వాడలో భయపడ్డారు. వాళ్ళిద్దర్నీ విడదీసి ఒకరిని వేదిక ఎక్కించి, ఇంకొకరిని లెక్కలోంచి తీసేయడం స్మరణ కాదు, రాజకీయం.

1915లో ఆర్మేనియన్ల మీద జరిగిన దాన్ని జాతిహత్య అనడానికి తుర్కీ ప్రభుత్వం ఈరోజుకీ ఒప్పుకోదు. అమెరికా అధ్యక్షుడు బైడెన్ 2021లో ఆ మాట అధికారికంగా అనడానికి 106 ఏళ్ళు పట్టింది. కానీ తుర్కీలోనే ఫెతియె చెతిన్ అనే న్యాయవాది 2004లో తన అమ్మమ్మ గురించి పుస్తకం రాసింది. ముస్లిం ఇంట్లో సెహెర్‌గా బతికిన ఆ ముసలామె పుట్టుకతో హెరానుష్ అనే ఆర్మేనియన్ పిల్ల. రాజ్యం పలకని పేరును మనవరాలు పలికింది. అక్కడ పేరు పెట్టకుండా దాస్తున్నారు, ఇక్కడ మూడు పేర్లు పెట్టి దాస్తున్నారు.

కాబట్టి నాలుగో పేరు కోసం నేను అడగడం లేదు. సుందర్‌లాల్ నివేదికను తెలుగులో, ఉర్దూలో అచ్చువేసి ప్రతి జిల్లా గ్రంథాలయంలో పెట్టమంటున్నాను. ఆ రోజున వేదిక మీద బైరాన్‌పల్లితో పాటు నాందేడ్ గురించీ మాట్లాడమంటున్నాను. ఇక మన పని మనకుంది. తెలంగాణ సాయుధ పోరాట స్త్రీల మాటల్ని 'మనకు తెలియని మన చరిత్ర'గా 1986లో స్త్రీశక్తి సంఘటన తెచ్చినప్పుడు ఏ ప్రభుత్వ ఉత్తర్వు కోసమూ ఎదురుచూడలేదు. 1948ని చూసిన కళ్ళు ఇక ఎన్నో మిగల్లేదు. వాళ్ళ కూతుళ్ళున్నారు, మనవరాళ్ళున్నారు. బోధన్‌లో, నిజామాబాద్‌లో, గోదావరి అవతలి గట్టున ముస్లిం ఇళ్ళల్లోకి కూడా వెళ్ళి కూచుందాం. ముందుగా పేరు అడుగుదాం. నేను అడగడం ఆలస్యం చేశాను.