గొర్రెపిల్ల కొనలేనివాని కరెంటు బిల్లు

ధ్యాన భాగము: లేవీయకాండము 5:7–13



లేవీయకాండము అనగానే మనలో చాలామంది పేజీలు గబగబా తిప్పేస్తారు. బలులు, బలిపీఠాలు, యాజకుల నియమాలు, వీటితో మనకేం పని అనుకుంటారు. అయితే 5వ అధ్యాయంలో దేవుడు ఒక బీదవాని ఇంట్లోకి తొంగిచూసినట్టు ఉంటుంది. అపరాధం చేసినవాడు మందలోనుంచి ఒక గొర్రెపిల్లను గానీ మేకపిల్లను గానీ తేవాలి. అంత స్తోమత లేకపోతే రెండు గువ్వలు, లేదా రెండు పావురపు పిల్లలు తెస్తే చాలు. అది కూడా చేతకాకపోతే ఏఫాలో పదవ వంతు పిండి, నూనె గానీ ధూపద్రవ్యం గానీ లేకుండా. ముగ్గురూ తెచ్చినది వేరు, ముగ్గురికీ దొరికిన క్షమాపణ ఒక్కటే. పిండి తెచ్చినవాడికి సగం క్షమాపణ ఇచ్చి పంపలేదు.

మరియ, యోసేపులు శిశువైన యేసును యెరూషలేముకు తీసుకొని వెళ్లినప్పుడు అర్పించినది కూడా బీదల కొరకు ధర్మశాస్త్రం అనుమతించిన పక్షుల అర్పణే. మన రక్షకుడు గొర్రెపిల్ల కొనలేని ఇంట్లో పెరిగాడు. ఈ మాట మనసులో పెట్టుకొని మనం ఈ రోజు కరెంటు బిల్లు సంగతి ఆలోచిద్దాం. ఇది ఆత్మీయ విషయమా అని ఎవరైనా అడగవచ్చు. మా సంఘాలలో బిల్లు చేతబట్టుకొని వచ్చి, "అయ్యగారూ, ఈ లైను ఏంటో చదివి చెప్పండి" అని అడిగే తల్లులున్నారు. వారి భారం కాపరికి కూడా భారమే.

మన రాష్ట్రంలో 2022 ఏప్రిల్‌లో వచ్చిన స్లాబులు చూడండి. ఇళ్లకు మొదటి 30 యూనిట్లకు యూనిట్ 1 రూపాయి 90 పైసలు. 75 వరకు 3 రూపాయలు, 125 వరకు 4 రూపాయల 50 పైసలు, 225 వరకు 6 రూపాయలు. ఆపైన 400 వరకు 8 రూపాయల 75 పైసలు, 400 దాటితే 9 రూపాయల 75 పైసలు. తక్కువ వాడే ఇంటికి తక్కువ ధర, ఎక్కువ వాడే ఇంటికి ఎక్కువ ధర. గువ్వలు తెచ్చేవానికి గువ్వలు, గొర్రెపిల్ల ఇవ్వగలవానికి గొర్రెపిల్ల. ఈ పద్ధతి పెట్టినవారు లేవీయకాండము చదివి పెట్టలేదు గానీ న్యాయం అదే. ఇందుకు మేము దేవుని స్తుతిస్తున్నాం.

చిక్కు ఆ తర్వాతి లైనులో ఉంది. బొగ్గు ధర పెరిగినా, బయట మార్కెట్లో కరెంటు ఎక్కువ ధరకు కొన్నా, ఆ తేడాను ఇంధన సర్దుబాటు ఛార్జీ పేరుతో వసూలు చేస్తారు. నెలనెలా యూనిట్‌కు 40 పైసల వరకు ముందస్తు విచారణ లేకుండానే బిల్లులో కలపవచ్చు. ఆ 40 పైసలకు స్లాబు లేదు. 1.90 యూనిట్ మీదా 40 పైసలే, 9.75 యూనిట్ మీదా 40 పైసలే.

లెక్క వేసి చూద్దాం. ఇతర ఛార్జీలు పక్కన పెడితే, నెలకు 70 యూనిట్లు వాడే ఇంటికి కరెంటు ఖరీదు 177 రూపాయలు. సర్దుబాటు 28 రూపాయలు. అంటే దాదాపు 16 శాతం. ఏసీలతో 500 యూనిట్లు వాడే ఇంటికి ఖరీదు సుమారు 3,523 రూపాయలు, సర్దుబాటు 200. అది 6 శాతం లోపే. రూపాయల్లో చూస్తే పెద్ద ఇల్లే ఎక్కువ కట్టింది. కానీ ఎవరి బిల్లు ఎంత బరువెక్కింది? 28 రూపాయలంటే కూలికి వెళ్లే ఇంట్లో ఒక పూట కూర. వేసవి రాత్రి వేలాది ఏసీలు ఒక్కసారి తిరిగినప్పుడు ఖరీదైన కరెంటు కొనాల్సి వస్తుంది. రేకుల ఇంట్లో ఒక్క ఫ్యాను కింద నలుగురు పడుకున్నవారు ఆ ఖర్చు తెచ్చినవారు కారు.

ఇక్కడ ఒక సహోదరుడు బైబిలు తెరిచి మమ్మల్ని అడగవచ్చు. నిర్గమకాండము 30వ అధ్యాయంలో జనసంఖ్య లెక్కించినప్పుడు ప్రతివాడు అర తులము వెండి ఇవ్వాలి, ధనవంతుడు ఎక్కువ, బీదవాడు తక్కువ ఇవ్వకూడదని లేదా? అందరికీ సమానం అనేది కూడా దేవుని మాటే కదా? మంచి ప్రశ్న. అయితే అక్కడ ఇచ్చేది ప్రాణ విమోచన కొరకు. దేవుని దృష్టిలో ధనవంతుని ప్రాణానికీ బీదవాని ప్రాణానికీ ఒకే విలువ అని చాటేందుకు అక్కడ వెల సమానం చేశాడు. ప్రాణం విలువ చెప్పవలసిన చోట సమానం, చేతిలో ఉన్నది అడగవలసిన చోట తాహతు. ఈ రెండూ తారుమారు చేస్తే బీదవానికి రెండు వైపులా నష్టమే.

వాతావరణ మార్పు సంగతి కూడా ఇందులోనే ఉంది. ఇబ్రహీంపట్నం థర్మల్ కేంద్రం 1979 నుంచి బొగ్గు కాల్చి మనకు వెలుగు ఇస్తోంది. ఆ మేలు మరువకూడదు, ఆ బూడిద పక్క గ్రామాల మీద పడుతుందన్నదీ మరువకూడదు. 2024 సెప్టెంబరు 1న బుడమేరుకు గండ్లు పడి సింగ్ నగర్ మునిగింది. ప్రకాశం బ్యారేజి దగ్గర వరద 11.43 లక్షల క్యూసెక్కులకు చేరింది. ఆనాడు ప్రభుత్వం నీళ్లు వచ్చిన కింది అంతస్తు ఇళ్లకు 25 వేలు, పై అంతస్తులకు 10 వేలు ప్రకటించింది. ఎవరు ఎక్కువ మునిగారో వారికి ఎక్కువ. వరదలో చేయగలిగిన న్యాయం బిల్లులో ఎందుకు చేయలేం?

సోలార్ మాట కూడా చెప్పాలి. బొగ్గు తగ్గాలి, సూర్యుని వెలుగు వాడాలి, ఇది మంచిది. 2024లో మొదలైన పీఎం సూర్యఘర్ పథకంలో 2 కిలోవాట్లకు 60 వేలు, 3 కిలోవాట్లకు 78 వేల రూపాయల రాయితీ ఉంది. ఎస్సీ, ఎస్టీ ఇళ్లకు ఉచితంగా పెట్టిస్తామని రాష్ట్రం చెప్పింది, సంతోషం. కానీ పలకలు పెట్టాలంటే ముందు డాబా ఉండాలి, అది సొంతదై ఉండాలి. అద్దె గదిలో ఉండి, ఓనరు యూనిట్‌కు ఎంత అంటే అంత కట్టే కుటుంబం ఏ కప్పు మీద పెట్టాలి? డాబా ఉన్నవారి బిల్లు తగ్గుతుంది, మిగిలిన ఖర్చు కప్పు లేనివారి మీదికి జరుగుతుంది. ఒకచోట పలకలు పెట్టి, పుట్టిన కరెంటును అనేక ఇళ్ల బిల్లుల్లో జమ చేసే పద్ధతికి ఢిల్లీలో 2019లోనే నియమాలు వచ్చాయి. మన విజయవాడ అద్దె ఇళ్లకు, డెల్టా కాలనీలకు కావలసినది అటువంటిదే.

కాబట్టి మా మనవి రెండు మాటల్లో. సర్దుబాటు ఛార్జీకి కూడా స్లాబులు పెట్టండి, లేదా 125 యూనిట్ల లోపు ఇళ్లకు దానిని ప్రభుత్వమే భరించాలి. కప్పు లేనివారికి కూడా సూర్యునిలో వాటా ఇవ్వండి. డిస్కంలు అప్పుల్లో ఉన్నాయి, డబ్బు ఎక్కడనుంచి వస్తుందని అడిగితే, అది నిజమైన కష్టమే. అందుకే వసూలు మానమని మేము అనడం లేదు. గొర్రెపిల్ల ఉన్నవాని దగ్గర గొర్రెపిల్ల అడగమంటున్నాం.

ప్రియులారా, ప్రార్థనతోపాటు పని కూడా ఉంది. ఏటా ధరలు ఖరారు చేసే ముందు విద్యుత్ నియంత్రణ మండలి ప్రజల అభ్యంతరాలు వింటుంది. ఎవరైనా రాసి పంపవచ్చు. వచ్చే కూడికలో మీ బిల్లులు తీసుకొని రండి. యౌవనస్థులు పెద్దవారికి ప్రతి లైనూ చదివి చెప్పండి, అందరం కలిసి ఒక ఉత్తరం రాద్దాం. మన మందిరాలలో కూడా అక్కరలేని లైట్లు, పెద్ద స్పీకర్లు ఆపుదాం. ఆ బిల్లు కట్టేది కూడా విధవరాలి కానుకే.

బీదవాని చేతిలోని పిండిని త్రోసివేయని దేవుడు, మన పాలకులకు ఆ మనసు, మనకు ఆ ధైర్యము దయచేయును గాక. ఆమేన్.