చలం ఎక్కడికీ పారిపోలేదు

చలం గురించి తెలుగులో రెండు వర్గాలు చాలాకాలంగా వాదులాడుకుంటున్నాయి. 'మైదానం' రాసిన మనిషి అరుణాచలంలో లొంగిపోయాడని అభ్యుదయవాదులంటారు. ఆ మనిషికి చివరికి కళ్ళు తెరుచుకుని, రాసిన పాపం కడుక్కున్నాడని భక్తులంటారు. ఒకరిది దుఃఖం, ఇంకొకరిది సంతోషం. అరుణాచలం చేరిన 1950 దగ్గర మనిషిని రెండు ముక్కలు చేసి, నచ్చిన ముక్క ఉంచుకుని రెండోది పారేయడంలో మాత్రం ఇద్దరిదీ ఒకే పద్ధతి. ఈ పద్ధతిని నేను ఒప్పుకోను. అన్యాయం జరిగింది చలం ఒక్కడికే కాదు. వయసు మీదపడ్డాక గతాన్ని తవ్వుకుంటూ, దేవుణ్ణో సత్యాన్నో వెతుక్కుంటూ రాసినవాళ్ళందరినీ మన విమర్శ ఇలాగే చూస్తోంది. ముసలితనం వచ్చింది, భయం వేసింది, భక్తి పట్టుకుంది అని మూడు ముక్కల్లో తేల్చేస్తోంది.

భయం వేసినవాడి కథ ఇలా ఉండదు. చలం దైవచింత 1950లో మొదలవలేదు. కాకినాడలో చదువుకునే రోజుల్లోనే సంఘసంస్కర్త రఘుపతి వెంకటరత్నం నాయుడి ప్రభావంలో బ్రహ్మసమాజంలో చేరి, ఇంటా బయటా మాటలు పడ్డాడు. 1930లలోనే రచయిత చింతా దీక్షితులు వెంట అరుణాచలం వెళ్ళి రమణ మహర్షిని చూసి వచ్చాడు. అప్పటికి చలం వయసు నలభైల్లో. 'స్త్రీ' రాసిన చేయి, దేవుడి సంగతి తేల్చుకోవాలని తపించిన చేయి ఆ రోజుల్లోనే ఒకటి. నీతి పేరిట పదిమందీ చెప్పేదాన్ని తాను అనుభవించి చూడకుండా నమ్మనన్నాడు. దేవుడి విషయంలోనూ అంతే. ఊళ్ళో వాళ్ళ పతివ్రతా ధర్మం ఆయనకు ఎందుకు చాల్లేదో, ఊళ్ళో వాళ్ళ గుడి కూడా అందుకే చాల్లేదు.

1950లో ఇల్లంతా కదిలించుకుని అరుణాచలం కొండ ఉన్న తిరువణ్ణామలై చేరాడు. అదే ఏడాది ఏప్రిల్ 14న రమణ మహర్షి దేహం చాలించారు. చలం చనిపోయింది 1979 మే 4న. అంటే ఆ కొండ కింద గడిపిన కాలమంతా దాదాపుగా గురువు లేని కాలమే. నీడ కోసమే వచ్చినవాడు చెట్టు కూలిపోయాక అక్కడే ఇరవై తొమ్మిదేళ్ళు కూర్చోడు. పైగా ఆయన సన్యాసి కాలేదు. ఇంటివాళ్ళతో, వచ్చేపోయే జనంతో, డబ్బు ఇబ్బందులతో సంసారం అక్కడా సాగింది. వదిలించుకుందామనుకున్నవాడు వెంటబెట్టుకు వెళ్ళడు కదా.

శ్రీశ్రీ 'మహాప్రస్థానం' పుస్తకంగా వచ్చిందీ 1950లోనే. దానికి ముందుమాటగా చలం 1940లో రాసిన యోగ్యతాపత్రం చదివి కుర్రకారు ఊగిపోతున్న రోజుల్లో ఆ రాసినవాడు అరుణాచలంలో ఉన్నాడు. తెలంగాణలో రైతులు తుపాకులు పట్టుకున్న కాలంలో కొండ చుట్టూ ప్రదక్షిణలేమిటని అడిగేవాళ్ళున్నారు. పౌరుడిగా చలాన్ని ఆ ప్రశ్న అడగవచ్చు. నేను తప్పు పట్టను. కానీ ఆ జవాబుతో ఆయన వృద్ధాప్యంలో రాసిన 'ఆత్మకథ' విలువ కట్టకూడదు. ఆ పుస్తకంలో పశ్చాత్తాపం కోసం వెతికిన భక్తులకు దొరికేది తక్కువ. తండ్రి గురించి, పెళ్ళి గురించి, తాను ప్రేమించిన స్త్రీల గురించి, బిడ్డల గురించి దాపరికం లేకుండా చెబుతాడు. పాత పుస్తకాల్ని ఉపసంహరించుకోలేదు. వృద్ధాప్యంలో రాసే జ్ఞాపకానికి ఒక బలముంది: కాపాడుకోవలసిన పరువు తగ్గిపోతుంది. ముప్ఫై ఏళ్ళవాడు తన గురించి రాస్తే రేపటి ఉద్యోగమో రేపటి స్నేహమో పక్కన కూర్చుని చూస్తుంటాయి. డెబ్భై దాటినవాడికి ఆ కాపలా లేదు. ఆ స్వేచ్ఛను చాదస్తమని కొట్టిపారేసే విమర్శకుడు యవ్వనాన్ని తప్ప దేన్నీ సాహిత్యంగా ఒప్పుకోలేని స్థితిలో ఉన్నాడు.

ఆధ్యాత్మికమంటే లోకానికి వీపు తిప్పడమన్న అభిప్రాయం మన సాహిత్యాన్ని చూసి పుట్టింది కాదు. ధూర్జటి శ్రీకాళహస్తీశ్వరుడి ముందు నిలబడి రాజుల్ని తిట్టినంతగా ఆ కాలంలో ఎవరు తిట్టారు? మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీగా పనిచేసిన ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే నెలలో కాశీకి బయలుదేరి 1831 సెప్టెంబరులో తిరిగొచ్చాడు. పుణ్యం కోసం వెళ్ళిన మనిషే. ఆయన పోయాక 1838లో అచ్చైన 'కాశీయాత్ర చరిత్ర' తిరగేస్తే దారులు, మజిలీలు, ధరలు, ఏ ఊళ్ళో ఏం దొరుకుతుంది, ఎవరు ఎలా బతుకుతున్నారు అన్నదంతా కనబడుతుంది. గంగకు పోయేవాడికి ఈ వివరాలెందుకని ఆయన అనుకోలేదు.

భక్తి పేరుతో అచ్చవుతున్నదంతా గొప్పదని నేననడం లేదు. మహిమల చిట్టాలున్నాయి. స్వామివారి ఫోటో చూసి రాసిన పద్యాలున్నాయి. కళ్ళు మూసుకుని రాసినవి కనుక అవి నాసిరకం. వస్తువు దేవుడైనందువల్ల కాదు. కళ్ళు మూసుకుని రాసిన విప్లవ గీతాలూ మనకు తక్కువేం లేవు.

కళ్ళు తెరిచి రాయడమంటే ఏమిటో చూడాలంటే సూరి నాగమ్మ దగ్గరికి వెళ్ళాలి. గుంటూరు జిల్లా కొలనుకొండలో 1902లో పుట్టింది. బాల్యంలోనే వితంతువైంది. బడి చదువు లేదు. ఆ కాలపు బ్రాహ్మణ ఇంట్లో ఆ పిల్లకు మిగిలింది ఒక మూల, నాలుగు పుస్తకాలు. 1941లో రమణాశ్రమానికి చేరింది. 1945 నవంబరు నుంచి అన్నగారికి ఉత్తరాలు రాయడం మొదలుపెట్టింది. అవే 'శ్రీరమణాశ్రమ లేఖలు'. సాయంత్రం దాటితే ఆడవాళ్ళు ఆశ్రమంలో ఉండకూడదన్నది అప్పట్లో అక్కడి నియమం. అందుకని ఆమె కాపురం బయట. రోజూ వచ్చి, విని, చూసి, వెళ్ళి రాసుకోవాలి. చోటు దొరకని మనిషి కంటికి చిన్న విషయాలు బాగా ఆనతాయి. హాల్లోకి ఎవరొచ్చారు, ఏమడిగారు, మహర్షి ఎవరికి జవాబిచ్చారు, ఎవరి ముందు ఊరుకున్నారు, తనకొక్కడికే ప్రత్యేకంగా వడ్డిస్తే ఎలా కోప్పడ్డారు, కోతులు, ఉడతలు, నెమళ్ళు, 1948 జూన్‌లో లక్ష్మి అనే ఆవు చనిపోతే ఆయన పక్కన కూర్చున్న తీరు. ఇదంతా ఒక చెల్లెలు అన్నకు చెప్పే తెలుగులో ఉంది. ఉపదేశసారం కోసం వెతికేవాళ్ళు ఆ తెలుగును దాటేసి వెళ్ళిపోతారు. సాహిత్యకారులు అసలు తలుపే తియ్యరు.

చివరి లేఖల్లో మహర్షి ఎడమచేతి మీద సార్కోమా కణితి లేస్తుంది. 1949లో నాలుగుసార్లు శస్త్రచికిత్స జరిగింది. దేవుడనుకున్న మనిషి దేహం పాడవుతుంటే చూసి రాయవలసి వచ్చింది ఆమెకు. నయమవుతుందన్న ఆశ, కాదేమోనన్న దిగులు, ఇన్నేళ్ళు విన్న వేదాంతం ఆ దిగులుకు చాలకపోవడం, అన్నీ ఆ పుటల్లో ఉన్నాయి. ముసలితనం మీద, మరణం మీద ఇంత దగ్గరి నుంచి రాసిన తెలుగు వచనం నాకు ఎక్కువగా కనబడలేదు. అయినా ఇది ఆశ్రమాల పుస్తకాల బల్ల మీద దొరుకుతుంది, స్వీయచరిత్రల మీద మనం జరిపే చర్చల్లో వినబడదు. శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రి 'అనుభవాలూ జ్ఞాపకాలూనూ' పాఠం చెప్పేవాళ్ళు అదే పాఠంలో నాగమ్మ లేఖలు చెప్పాలి. ఇద్దరిదీ మాట్లాడే తెలుగే. ఇద్దరూ తాము చూసిన లోకాన్నే రాశారు. ఆమె చూసిన లోకంలో ఒక ఋషి ఉన్నాడన్నది ఆమెను ఆ తరగతి గది బయట నిలబెట్టడానికి కారణం కాజాలదు.