పొరపాటన్న మాటతో పాపం కడుక్కుంటారా?

2015 అక్టోబరు 3. ఆఫ్ఘనిస్తాన్‌లోని కుందూజ్ పట్టణం. రాత్రి రెండు గంటలు దాటింది. ఊరంతా చీకటిలో ఉండగా దీపాలు వెలుగుతున్న భవనం డాక్టర్స్ వితౌట్ బోర్డర్స్ సంస్థ 2011 నుంచి నడుపుతున్న ఆసుపత్రి. అమెరికా యుద్ధ విమానం దానిపైనే గుళ్ల వర్షం కురిపించింది. రోగులు మంచాలమీదే కాలిపోయారు. 42 మంది అసువులు బాసారు. వారిలో 14 మంది ఆసుపత్రి సిబ్బంది.

ఆసుపత్రి ఎక్కడుందో తెలియక కొట్టారా? కాదు. సెప్టెంబరు 29న కూడా దాని అక్షాంశ రేఖాంశాలను ఆ సంస్థ అమెరికా, ఆఫ్ఘన్ అధికారులకు తెలియజేసింది. దాడి మొదలైన కొద్ది నిమిషాలకే ఫోన్లు చేసి మొరపెట్టుకుంది. అయినా కాల్పులు వెంటనే ఆగలేదు.

లోపల తాలిబన్లు ఉన్నారన్నది కొందరు ఆఫ్ఘన్ అధికారుల సమర్థన. ఉండవచ్చు, గాయపడినవారిగా! గాయపడి మంచం పట్టినవాడు ఇక సైనికుడు కాడు, రోగి. గాయపడిన సైనికులకు చికిత్స చేయడాన్ని శత్రుచర్యగా పరిగణించరాదని 1949 నాటి నాల్గవ జెనీవా ఒప్పందం విస్పష్టంగా చెబుతోంది. ఆసుపత్రిని నిజంగానే దుర్వినియోగం చేసినా, ముందుగా హెచ్చరించి గడువివ్వాలని శాసిస్తోంది. కుందూజ్‌లో హెచ్చరిక ఏదీ?

2016 ఏప్రిల్ 29న పెంటగాన్ తన నివేదికను వెలువరించింది. మానవ తప్పిదాలు, పరికరాల వైఫల్యం కారణమట. ఉద్దేశపూర్వకం కాదు గనుక యుద్ధనేరం కాదట. పదహారుగురిపై శాఖాపరమైన చర్యలతో సరి. ఒక్కరిపైనా క్రిమినల్ అభియోగం లేదు. స్వతంత్ర అంతర్జాతీయ విచారణ జరపాలని బాధిత సంస్థ పదేపదే కోరినా అమెరికా అంగీకరించలేదు. నేరారోపణ ఎవరిపై ఉన్నదో వారే దర్యాప్తు చేశారు, వారే తీర్పు చెప్పుకున్నారు. దొంగ చేతికి తాళాలివ్వడం అంటే ఇదే.

సరిగ్గా నాలుగు రోజుల తర్వాత, మే 3న, ఆసుపత్రులపై దాడులను ఖండిస్తూ భద్రతామండలి 2286వ తీర్మానాన్ని ఏకగ్రీవంగా ఆమోదించింది. చేయెత్తినవారిలో అమెరికా కూడా ఉంది!

ఈశాన్య ఆఫ్ఘనిస్తాన్‌లో ఆ తరహా ఆసుపత్రి అదొక్కటే. అది మూతపడిన తర్వాత వైద్యమందక ఆరిపోయిన ప్రాణాలు ఏ నివేదికకూ ఎక్కలేదు. క్షమాపణలు, పరిహారాలు న్యాయానికి ప్రత్యామ్నాయం కావు. జెనీవా ఒప్పందాలపై సంతకం చేసిన ప్రతి దేశమూ, భారతదేశం సహా, స్వతంత్ర విచారణకై గొంతెత్తాలి. పొరపాటన్న ఒక్క మాటతో నేడు వదిలిపెడితే, రేపు ఏ ఆసుపత్రి దీపమూ భద్రం కాదు.