సంతకం ఎవరిది?

ఈమధ్య ఆళ్ళగడ్డ వెళ్తూ దారిలో నంద్యాలలో అక్కావాళ్ళింట్లో ఆగాను. కాఫీ చేతికిచ్చి అక్క అడిగిన మొదటి ప్రశ్న: "ఏమిరా, పాపకు ఆ క్యాన్సర్ సూది ఏపించమంటారు. అప్పుడెప్పుడో ఖమ్మంలో పిల్లోళ్ళు సచ్చిపోయినారంట గదా?"

మేనకోడలు ఎనిమిదో తరగతి. అక్క అడుగుతున్నది గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా వేసే హెచ్.పి.వి. టీకా గురించి. "అవన్నీ పుకార్లు" అని తేల్చేయొచ్చు కానీ, అవి పూర్తిగా పుకార్లు కావు.

2009లో 'పాత్' అనే అమెరికన్ సంస్థ, ఐ.సి.ఎం.ఆర్., రాష్ట్ర ప్రభుత్వం కలిసి ఖమ్మం జిల్లాలో 10-14 ఏళ్ళ ఆడపిల్లలు దాదాపు 14 వేలమందికి ఈ టీకా వేయించారు. చాలామంది గిరిజన హాస్టళ్ళ పిల్లలు. కొందరు చనిపోయారు. విచారణలో ఆ చావులకి టీకా కారణం కాదనే తేలింది. కానీ అంగీకార పత్రాల సంగతి వేరు. పరిశీలించిన 9,543 పత్రాల్లో 2,763 హాస్టల్ వార్డెన్లు సంతకం పెట్టినవి, 1,948 వేలిముద్రలవి. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం గట్టిగానే చీవాట్లు పెట్టింది.

మనం కస్టమర్ సైన్-ఆఫ్ లేకుండా ప్రొడక్షన్‌లో ఒక్క లైను మార్చం. అక్కడ మాత్రం కన్నవాళ్ళ బదులు వార్డెన్ సైన్-ఆఫ్ ఇచ్చేశాడన్నమాట!

ఆ గొడవతో 2010 ఏప్రిల్‌లో దేశంలో ఈ టీకా పరీక్షలన్నీ ఆగిపోయాయి. అందులో ఏ సంబంధమూ లేని మరో పెద్ద అధ్యయనం కూడా ఉంది. రెండు డోసులు చాలా, మూడు కావాలా అని చూడ్డానికి మొదలెట్టింది. మధ్యలో ఆపేయడంతో దాదాపు 5 వేలమందికి ఒక్క డోసే పడింది. పరిశోధకులు వాళ్ళని వదిలేయలేదు, ఏళ్ళతరబడి వెంట ఉండి చూశారు. 2021లో ఫలితాలు వచ్చాయి. ఈ క్యాన్సర్లలో దాదాపు 70 శాతానికి కారణమైన 16, 18 రకాల వైరస్ ఒంట్లో పాతుకుపోకుండా ఒక్క డోసు 95.4 శాతం కాపాడింది, మూడు డోసులు 93.3 శాతం. అంటే ఒకటి చాలు! 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఒక్క డోసు పద్ధతికి ఒప్పుకోవడానికి ఇదీ ఒక ముఖ్యమైన ఆధారం. ఖర్చు మూడోవంతుకి తగ్గితే ఎన్ని పేద దేశాల పిల్లలకి అందుతుందో మీరే లెక్కేసుకోండి.

దీన్ని చూపించి "చూశారా, అంతా మంచికే" అనేవాళ్ళున్నారు. నేనొప్పుకోను. ఆ మంచి తెలిసింది వెంటపడి చూసినవాళ్ళ ఓపిక వల్ల, ఏళ్ళ తరబడి సహకరించిన ఆ అమ్మాయిల వల్ల. వార్డెన్ సంతకం వల్ల కాదు. పైగా ఆ సంతకాలు చేసిన నష్టం ఇంకా పోలేదు. పదిహేనేళ్ళు దాటినా నంద్యాలలో మా అక్క భయపడుతోందంటే కారణం టీకా కాదు, అడక్కుండా వేసిన తీరు.

అక్కకి ఇదంతా చెప్పి, "ఏపించు, కానీ ముందు పాపకు చెప్పు" అన్నాను.

"దానికేం తెలుస్తాదిరా?"

ఇంతలో లోపల్నుంచి పాప: "మామా, ఎందుకేస్తారో నాకు చెప్పు, నేనే చెప్తా ఏపించుకుంటానో లేదో."

గంటసేపు కూర్చోబెట్టి చెప్పాను. సరేనంది. నా దృష్టిలో అసలు సంతకం అదీ.