కుక్కపిల్ల జాతి తర్వాత, ముందు దాని తల్లిని అడగండి

ఈసారి పంట గురించి కాదు, కుక్క గురించి రాస్తున్నాను. కొంచెం ఘాటుగానే ఉంటుంది. చివరిదాకా చదవండి, ఆ తర్వాత తిట్టాలనిపిస్తే తిట్టండి.

మన ఊళ్ళలో ఎవరింటికి కుక్కపిల్ల వచ్చినా ఇప్పుడు ఒకటే తంతు. చంకనేసుకుని టీ కొట్టు దగ్గరికి తెస్తారు, లేదంటే ఫోటో తీసి పదిమందికి పంపుతారు. "బాబాయ్, ఇది ఏ జాతో చెప్పు" అంటారు. ఇక మొదలు. చెవులు వాలి ఉంటే ల్యాబ్ క్రాస్. నిక్కబొడుచుకుంటే జర్మన్ షెపర్డ్ క్రాస్. నల్లటి ఒళ్ళు, కళ్ళ మీద గోధుమరంగు చుక్కలు ఉంటే డాబర్‌మన్. అదే కాస్త బొద్దుగా ఉంటే రాట్‌వీలర్. సన్నగా పొడుగ్గా ఉంటే రాజపాళయం. మన వీధికుక్క కడుపున పుట్టిన పిల్లకి పొద్దుగూకే లోపల మూడు దేశాల తండ్రులు తయారవుతారు.

"సరదాకి అనుకుంటాం, మధ్యలో నీకేంటి నష్టం" అంటారని తెలుసు. నష్టం నాక్కాదు, మనందరికీ. డబ్బు రూపంలో ఒకటి, ప్రాణం రూపంలో ఒకటి. రెండూ చెప్తాను.

ముందు ఆ ఊహ ఎంత గుడ్డిదో చూడండి. ఈ విషయం మనకంటే బాగా ఎవరికి తెలుసు? హైబ్రిడ్ మొక్కజొన్న వేశాం, కండెలు ఒక్క తీరున వచ్చాయి. ఆ గింజే దాచి మరుసటేడు వేస్తే ఏమవుతుంది? ఒక మొక్క పొడుగు, ఒకటి పొట్టి, ఒకటి గొడ్డు. చేను చూసి "దీని తాత ఫలానా రకం" అని ఎవడైనా చెప్పగలడా? ఊరకుక్కల్లో ఆ కలయిక ఒక తరం కాదు, ఎన్నో తరాల నుంచి సాగుతోంది. ఆవుకి సూది వేయిస్తే ఆ వీర్యం గొట్టం మీద ఆంబోతు నంబరు ఉంటుంది, దూడ ఎవరిదో రాసి పెట్టుకోవచ్చు. వీధిలో ఎదకొచ్చిన ఆడకుక్క వెనక అయిదారు మగకుక్కలు తిరుగుతాయి. ఒకే ఈతలో పుట్టిన పిల్లలకి వేరు వేరు తండ్రులు ఉండొచ్చు. ఇది నేను కల్పించింది కాదు, ఏ పశువుల డాక్టరునైనా అడగండి.

చదువుకున్నవాళ్ళు కూడా దీన్ని పరీక్ష పెట్టి చూశారు. అమెరికాలో స్కాట్, ఫుల్లర్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు బసెంజీ అనే జాతిని, కాకర్ స్పానియల్ అనే జాతిని కలిపి పిల్లల్ని పుట్టించారు. 1965లో పుస్తకం వేశారు. తల్లి ఎవరో, తండ్రి ఎవరో రాసిపెట్టుకుని మరీ చేసిన పని అది. అయినా పిల్లలు చాలావరకు ఇటు తల్లి పోలికా కాదు, అటు తండ్రి పోలికా కాదు. ఆ దేశంలోనే 2009లో, దిక్కులేని కుక్కల్ని సాకే కేంద్రాల వాళ్ళు చూపుతో చెప్పిన జాతినీ, డీఎన్ఏ పరీక్షలో తేలిన జాతినీ పక్కపక్కన పెట్టి చూస్తే, చాలా కుక్కల విషయంలో రెండూ కలవలేదు. రోజూ కుక్కల మధ్య బతికేవాళ్ళ లెక్కే అట్లా ఉంటే, టీ తాగుతూ మనం చెప్పే లెక్క ఎంత?

ఇంకో సంగతి. నెలన్నర పిల్ల చెవులు వాలి ఉన్నాయని ల్యాబ్ అంటారు. నాలుగో నెలకి ఆ చెవులే నిలబడతాయి. చిన్నప్పుడు నల్లగా ఉన్న బొచ్చు పెద్దయ్యాక ఎర్రబడుతుంది. కుక్క మారలేదు సోదరా, మన పందెం ఓడింది, అంతే.

ఇప్పుడు డబ్బు మాట. ఈ ఊహల్ని దళారులు బాగా వాడుకుంటున్నారు. మా పక్క ఊళ్ళో ఒక కుర్రాడు "రాట్‌వీలర్ క్రాస్" అని ఎనిమిది వేలు పోసి పిల్లను తెచ్చాడు. వాడు కౌలు రైతు. ఆ ఎనిమిది వేలు ఎరువు కట్టలకు దాచుకున్నవి. పిల్ల వయసు నలభై రోజులు కూడా లేదు. టీకా వేశారా అని అడగలేదు, తల్లిని చూపించమనలేదు. పేరు చెప్పారు, కొన్నాడు. వారానికే వాంతులు, నెత్తురు విరేచనాలు. పార్వో అని డాక్టరు చెప్పాడు. అప్పటికే చేయి దాటిపోయింది. 2017లో వచ్చిన కేంద్రం నిబంధనల ప్రకారం కుక్కల్ని పెంచి అమ్మేవాళ్ళు రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డులో నమోదు చేసుకోవాలి, ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మకూడదు. ఆ సంగతి అమ్మినవాడు చెప్పడు. కొన్నవాడు అడగడు. పేరు గొప్ప, ఊరు దిబ్బ అంటే ఇదే.

రెండో నష్టం దీనికంటే పెద్దది. జాతి పేరు చూసి తెచ్చిన పిల్ల ఆరు నెలలకి "ఇది నాటుదేరా" అని తేలుతుంది. తోక వంకర తిరిగింది, ఎత్తు రాలేదు. అంతే, ఒక రాత్రి గోనెసంచిలో వేసి పొలిమేర దాటించి కాలవ గట్టు మీద వదిలేస్తారు. ఆడపిల్లలైతే అంతవరకూ కూడా ఆగరు. కళ్ళు తెరవకముందే తల్లి దగ్గర్నుంచి తీసి పారేసేవాళ్ళున్నారు. ఆ గట్టు మీద బతికి బట్టకట్టినవి ఏం తింటాయి? గుంపు కడతాయి. మేకపిల్లల మీద, గొర్రెల మీద, కట్టేసిన లేగదూడల మీద పడతాయి. మళ్ళీ మనమే పంచాయతీకి వెళ్ళి "కుక్కల బెడద ఎక్కువైంది" అని అర్జీ పెడతాం. ఆ కుక్కలు ఆకాశం నుంచి పడ్డాయా? మన ఇళ్ళలోంచి వెళ్ళినవే కదా.

అసలు నాటుదంటే అంత చిన్నచూపు ఎందుకు? మన కొల్లేరు చుట్టుపక్కల జోనంగి అని ఒక కుక్క ఉండేది. పొట్టి వెంట్రుకలు, సన్నటి ఒళ్ళు, నేలలో గుంత తవ్వుకుని పడుకునే అలవాటు. బాతుల మందల్ని తోలేవాళ్ళకి కుడిభుజం. చేపల చెరువులు వచ్చాక బాతుల మందలు తగ్గాయి, కుక్కకి పని పోయింది. ఇప్పుడు వెతికితే గాని దొరకదు. మన గడ్డ మీద పుట్టి, మన ఎండకి, మన తిండికి అలవాటు పడ్డ జాతిని కాలవ పాలు చేసి, మంచు దేశపు హస్కీని తెచ్చి మే నెల ఎండలో రేకుల షెడ్డు కింద కట్టేస్తున్నాం. అది నాలుక వేలాడేసి రొప్పుతుంటే "ఎంత ముద్దుగా ఉందో" అని ఫోటో తీస్తున్నాం. ముధోల్, రాజపాళయం కుక్కల బొమ్మలతో 2005లో తపాలా శాఖ స్టాంపులు వేసింది. మనకి మాత్రం సీమ పేరు తగిలిస్తే గాని కుక్క కుక్కలా కనపడదు.

"జాతి తెలిస్తే గుణం తెలుస్తుంది కదా" అని కొందరు వాదిస్తారు. ఇందులో కొంత నిజం లేకపోలేదు. వేటకుక్క పరుగు వేరు, కాపలా కుక్క కాపు వేరు. కానీ ఎంతవరకు? 2022లో అమెరికా శాస్త్రవేత్తలు 18 వేలకు పైగా కుక్కల వివరాలు సేకరించి చూశారు. ఒక్కో కుక్క ప్రవర్తనలో ఉండే తేడాలో జాతి వల్ల వచ్చేది సుమారు 9 శాతమే అని తేల్చారు. మిగతాదంతా ఆ కుక్క తీరు, పెంపకం, పెరిగిన చోటు. కరిచే గుణం అంచనా వేయాలంటే చెవుల వంక చూడటం దండగ. మన పెద్దలు ఏమన్నారు? పాడిని చూసి బర్రెను, తల్లిని చూసి పిల్లను. కుక్కకీ అదే లెక్క. తల్లి పిల్లల దగ్గరికి మనిషిని రానిస్తుందా, కోళ్ళ జోలికి పోతుందా, రాత్రి చేలో అలికిడైతే లేస్తుందా, ఇవి చూడండి. ఊహించిన తండ్రి పేరు పట్టుకుని కుక్కను తెచ్చుకోవడం అంటే కుక్కతోక పట్టుకుని గోదారి ఈదడమే.

అందుకని నేను చెప్పేది ఒకటే. ఇకమీదట ఎవరైనా కుక్కపిల్లను ఎత్తుకొచ్చి "ఏ జాతి" అంటే, మనం తిరిగి నాలుగు ప్రశ్నలు వేద్దాం. తల్లి ఎక్కడుంది? వయసు ఎనిమిది వారాలు నిండిందా? టీకాలు ఎప్పుడు? ఆడదైతే ఆపరేషన్ చేయిస్తావా?

టీకా సంగతి విడిగా చెప్పాలి. పార్వో లాంటి వాటికి ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య మొదటి సూది, తర్వాత డాక్టరు చెప్పిన తేదీలకి మిగతావి. మూడు నెలలు నిండాక రేబిస్ సూది, ఆ తర్వాత ఏటా డాక్టరు చెప్పినట్టు. ల్యాబ్ క్రాస్ అయినా, నాటుదైనా రేబిస్‌కి తేడా లేదు. లక్షణాలు బయటపడ్డాక మనిషి బతకడం దాదాపు లేదు. చిన్నపిల్ల కదా, పాలపళ్ళు కదా అనుకోవద్దు. కుక్కపిల్ల పన్ను గీరుకున్నా సరే, సబ్బుతో, పారే నీళ్ళ కింద పావుగంట కడగాలి. అదే రోజు ఆసుపత్రికి పోవాలి. సున్నం, పసుపు, కారం, పసరు ఏవీ పూయొద్దు. మొదటి సూది వేయించుకుని "తగ్గిందిలే" అని మానేయొద్దు, రాసిచ్చిన తేదీలన్నీ పూర్తి చేయాలి. పిల్లలు తిడతారని భయపడి కరిచిన సంగతి దాస్తారు. ఇంట్లో కుక్క ఉన్న ప్రతివాడూ పిల్లల్ని కూర్చోబెట్టి "కరిస్తే చెప్పండి, తిట్టం" అని ముందే చెప్పి ఉంచాలి.

నేను కుక్కల మీద ద్వేషంతో రాయడం లేదు. రాత్రి పంది చేలో పడితే మనకంటే ముందు లేచేది అదే. అందులో ఎక్కువ భాగం పేరూ ఊరూ లేని కుక్కలే. దానికి ఒక ముద్ద, ఒక సూది, తాగడానికి కుండలో నీళ్ళు, ఇంతకంటే అది అడగదు. దాని తండ్రి జర్మనీ వాడా, జంగారెడ్డిగూడెం వాడా అన్నది కాపలాకి అక్కర్లేదు.

ఈ వారంలోనే ఊళ్ళో పదిమంది కలిసి పశువుల ఆసుపత్రికి వెళ్ళి, మన ఇళ్ళలో ఉన్న కుక్కలన్నిటికీ ఒకేరోజు సూదులు వేయమని అడుగుదాం. వచ్చేవాళ్ళు కింద పేరు రాయండి. ఫోటో పెట్టేవాళ్ళు కుక్క ముఖంతోపాటు టీకా కార్డు కూడా పెట్టండి. అప్పుడు చూసి మెచ్చుకుంటాను.