వేడిగా వచ్చే ప్లేటు

మన ఊళ్లలో 'వైన్స్' అని బోర్డున్న కొట్టు దగ్గర నిలబడి చూడండి, వైన్ అడిగేవాడు ఒక్కడు కనబడితే గొప్ప. ఇనుప జాలీ, తోపులాట, పల్లీల పొట్లం, ప్లాస్టిక్ గ్లాసు. అందుకే వైన్ అనగానే మన ఆడవాళ్లకు ద్రాక్షపండు కాదు, ఆ జాలీ గుర్తొస్తుంది. తెలుగు బి.ఏ. చదివినదాన్ని కాబట్టి నాకు ఇంకొకటి గుర్తొస్తుంది. కావ్యానికి చెప్పిన అష్టాదశ వర్ణనల్లో మధుపానమూ ఒకటి. పరీక్షలో రాస్తే మార్కులే. తాగితేనే గొడవ!

గచ్చిబౌలి నుంచి ఔటర్ మీద శంషాబాద్‌ ఎంతసేపు? అయినా ట్రాఫిక్ భయంతో మేం ఒక గంట ముందే బయల్దేరతాం. సెక్యూరిటీ దాటాక మిగిలిపోయిన ఆ సమయంలో, ఏడాదికి ఒకటి రెండుసార్లు, మావారూ నేనూ ఎయిర్‌పోర్టు బార్‌లో కూర్చుంటాం. దేశం లోపల తిరిగే విమానాల్లో ఎలాగూ మద్యం ఇవ్వరు. ఒక గ్లాసు నాసిక్ రెడ్ వైన్, రెండు చిన్న ప్లేట్లు. విస్కీలో ఆల్కహాల్ 42.8 శాతం అయితే వైన్‌లో 12 నుంచి 14. గుటకేసేది కాదు, మెల్లగా చప్పరించేది. కారం దానికి పడదు, వగరు ఎక్కువైపోతుంది. అపోలో ఫిష్ మానేసి, వెన్నలో వేయించిన పుట్టగొడుగులో, చీజ్ ముక్కలో చెప్పుకుంటే నయం.

నిజం చెప్పాలంటే నాకు వైన్ కన్నా ఆ ప్లేటే ముఖ్యం. ఇరవై ఏళ్లుగా అందరికీ పెనం మీది దోసెలు వడ్డించి, నా దోసె చల్లారాక గట్టు దగ్గర నిలబడి తింటున్నాను. అక్కడ ప్లేటు పొగలు కక్కుతూ నా ముందుకొస్తుంది. "ఇంకోటి వెయ్యవే" అనేవాళ్లు లేరు.

మా పెద్దొదిన మాత్రం అంది: "దూబగుంట ఆడవాళ్లు కొట్లాడింది ఇందుకా?" గట్టి ప్రశ్నే. 1992లో నెల్లూరు జిల్లాలో, రాత్రిబడిలో అక్షరాలు దిద్దుకున్న ఆడవాళ్లు సారా కొట్లు మూయించారు. 1993లో సారా పోయింది, 1995లో సంపూర్ణ నిషేధం వచ్చింది, 1997లో దాన్ని ఎత్తేశారు. వాళ్ల కొట్లాట రుచి మీద కాదు. కూలి డబ్బు ఇంటికి చేరట్లేదని, తాగొచ్చినవాడు చెయ్యి చేసుకుంటున్నాడని. నన్నూ అదే కొలతతో కొలవండి. మా బిల్లు వల్ల ఇంట్లో ఎవరి కంచమూ ఖాళీ కాలేదు. ఆ గ్లాసు ధర మా పనమ్మాయి రోజు సంపాదనకన్నా ఎక్కువన్నది మాత్రం గొంతులో అడ్డుపడుతుంది, కాదనను.

కానీ అదే కొలత మగవాళ్లకూ పెట్టాలి కదా! శుక్రవారం రాత్రి మాదాపూర్‌లో మావారి ఆఫీసువాళ్లు నాలుగు పెగ్గులేస్తే అది 'టీమ్ డిన్నర్'. భార్య ఒక్క గ్లాసు పట్టుకుంటే 'వాళ్లావిడ తాగుతుందట'. ఎవరూ ఎరగని ఎయిర్‌పోర్టు దాకా మేం వెళ్లాల్సి రావడం అందుకే. ఊళ్లోనే కూర్చోగలిగితే ఆ ధరలూ తప్పేవి.

వచ్చే నెల పెద్దొదిన కూడా మాతో విమానమెక్కుతోంది. "మీకు నిమ్మ సోడా చెప్తాను వదినా, ప్లేటు మాత్రం చల్లారనివ్వకండి" అన్నాను. ఏమీ అనలేదు. కాసేపాగి, అక్కడ శాకాహారం ఏం దొరుకుతుందని అడిగింది.