ఊరికొచ్చిన ఫైబర్ వాడకు రాదా?

పంచాయతీలకు హైస్పీడ్ ఇంటర్నెట్ ఇచ్చే భారత్‌నెట్‌కు కేంద్రం ఆమోదం తెలిపింది 2011లో. సుమారు రెండున్నర లక్షల గ్రామ పంచాయతీలకు ఆప్టికల్ ఫైబర్ వేయడం లక్ష్యం. మరి ఆ వేగం ఊళ్లో ఎక్కడ ఆగిపోతోంది?

ఫైబర్ పంచాయతీ ఆఫీసు దాకా వస్తుంది. అక్కడి నుంచి చేతిలోని ఫోన్‌కు సిగ్నల్ గాల్లోనే రావాలి. మామూలు వైఫై ఆరుబయట కూడా వంద మీటర్లు దాటితే బలహీనపడుతుంది. ఆఫీసు సాధారణంగా ఊరి నడుమ ఉంటుంది, మాలపల్లె, మాదిగవాడ ఊరి చివర. ఈ దూరాన్ని ఏ ఇంజినీరూ పెట్టలేదు, కులం పెట్టింది.

ఇది సినిమాలు చూసుకునే సంగతి కాదు. 2023 జనవరి 1 నుంచి ఉపాధి హామీ పనుల్లో రోజుకు రెండుసార్లు యాప్‌లో ఫొటో హాజరు తప్పనిసరి చేశారు. సిగ్నల్ లేక ఫొటో ఎక్కకపోతే కూలికే ఎసరు. స్కాలర్‌షిప్ దరఖాస్తుకూ నెట్టే దిక్కు.

దూరం సాకు చెల్లదు. మేడపై ఎదురెదురుగా యాంటెన్నాలు పెడితే రేడియో లింకు కిలోమీటర్లు పోతుంది. డబ్బు సాకూ చెల్లదు. గ్రామీణ టెలికాం సేవల కోసమే కంపెనీల ఆదాయంలో 5 శాతం లెవీ వసూలవుతోంది. 2020 డిసెంబరులో ఆమోదించిన పీఎం-వాణి కింద చిన్న కిరాణా కొట్టు కూడా లైసెన్సు లేకుండా వైఫై ఇవ్వొచ్చు. ఆ అవకాశం వాడలోని పొదుపు సంఘాలకు ఎందుకు రాకూడదు?

మేము అడిగేది ఒక్కటే. ఊళ్లో మొదటి వైఫై పెట్టె వాడలో పెట్టండి. ఎన్ని పంచాయతీలకు ఫైబర్ వేశారో చెప్పే సర్కారు, ఎన్ని వాడలకు సిగ్నల్ అందిందో కూడా లెక్క చెప్పాలి.